చెవి లేని తాళం

మా నాన్న అప్పలస్వామి
పూర్ణా మార్కెట్ మలుపులో గొడుగు కింద కూర్చుని
ముప్పై ఏళ్ళు తాళాలకు చెవులు కోశాడు.
ఆకురాయి పొడి ఆయన ముంజేతి వెంట్రుకల్లో
ఇత్తడి చెమటలా మెరిసేది.
అచ్చు తీసిన మైనాన్ని గిరాకీ కళ్ళముందే
పిసికి ముద్ద చేసేవాడు.
"ఊరివాళ్ళ ఇళ్ళు మన జేబులో ఉండకూడదురా."

నేను ఎన్.ఏ.డి. దగ్గర ఏసీ గదిలో
కరెంటు కార్లకు తాళాలు ఇస్తాను, తీసేస్తాను.
కోసేదేమీ లేదు, గాజుపలక మీద ఒక్క వేలు.
ఈ ఊరి ఉప్పుగాలికి తుప్పు పట్టని తాళాలు.
ఫోను సముద్రంలో పడేసుకున్నవాళ్ళు వస్తారు,
రుషికొండ ఇసుక ఇంకా చెప్పుల్లోనే ఉంటుంది.
పాత ఫోను మేనల్లుడికిచ్చి
కారు కూడా ఇచ్చేశామని తెలియనివాళ్ళు వస్తారు.
కార్డు ఉందా అని అడుగుతాను.
"ఏ కార్డు?" అంటారు అందరూ.

జూలైలో ఒక మంగళవారం
జాలరిపేట నుంచి గనగళ్ళ ధనరాజు గారొచ్చారు.
రెండు బోట్ల ఆసామి. సెకండ్ హ్యాండులో కొన్న తెల్ల కారు.
"గాలి సోకినాది బాబూ దీనికి.
రోజూ రేత్రి ఎనిమిదీ నలబైకి
ఎవులూ ముట్టకుండా కళ్ళు తెరుత్తాది,
అద్దాలు రెక్కల్నాగ ఇప్పుతాది,
మల్లీ ముడిసేసుకుంటాది.
మా ఆడోలు నిమ్మకాయలు కట్టీసినారు."
నిజమే. బంపరుకు ఏడు, ఎండిపోయి.

తెర మీద జాబితా తెరిచాను.
ధనరాజు. కొడుకు ఎల్లాజీ.
మూడో తాళం పేరు: నైట్ డ్యూటీ.

అమ్మినామె రత్నమాణిక్యం, కేజీహెచ్‌లో స్టాఫ్ నర్సు.
ఆయన కారు నిలిపే గోడ పక్కనుంచే
ఇప్పుడామె బస్సుకు నడుస్తుంది,
సంచిలో టిఫిన్ డబ్బా, ఫోను.

తాళానికి చెవి అని ఎందుకన్నారో మనవాళ్ళు!
ఆ చెవి ఇప్పుడు మనిషి చేతిలో లేదు,
కారుకే మొలిచింది.
అడుగుల చప్పుడు వినదది, దగ్గూ వినదు,
ఒక అంకెను వింటుంది.
అమ్మకం కాగితం దానికెవరూ చదివి వినిపించలేదు.

తీసేయనా అన్నాను.
ధనరాజు గారు తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు.
"సెప్పకుండా తీసేత్తే
మొకం మీద తలుపేసినట్టుంటాది. ఫోన్ సెయ్."

మర్నాడు డ్యూటీ దిగి నేరుగా వచ్చింది, స్పిరిట్ వాసనతో.
సంచి అడుగు నుంచి ఒక కార్డు తీసింది,
విరిగిన మూలకు ప్లాస్టరు వేసి ఉంది.
"ఇదీ ఉండిపోయింది. మీరడగలేదు, నేనూ చూసుకోలేదు."
వాయిదాలు, అని ఏదో మొదలెట్టి మానేసింది.
ఆయన వైపు తిరిగి,
"వెనక ఎడమ తలుపు వానకు బిగుస్తుందండి,
కాస్త ఎత్తి లాగాలి.
సింహాచలం ఘాటెక్కేటప్పుడు అది చూపించే
చార్జింగు నమ్మకండి."
జాబితాలో దీనికి గడి లేదు.

నొక్కాను.
బల్ల మీద ఆమె ఫోను ఒక్కసారి వణికింది:
మీ తాళం రద్దయినది.
చదివి, "అంతేనా?" అంది.

నాన్నయితే మైనం పిసికేవాడు,
చేతులకు ఏదో ఒక పని ఉండేది.
నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక
రసీదు తీశాను, రెండుసార్లు.

పదిరోజులకు వైపరు బ్లేడు కోసం వచ్చారు ధనరాజు గారు.
బంపరుకు నిమ్మకాయలు లేవు.
గాలి వదిలిందా అన్నాను.
"ఒగ్గేసినాది."
కాసేపాగి, బయటికి చూస్తూ,
"ఎనిమిదీ నలబైకి నానే ఓపాలి లైట్లు ఎలిగిత్తన్నాను.
సీకటి కదేటి, ఆ మలుపు కాడ."